డిడ్ పక్కన వెంట్ ఎందుకొస్తోంది?

గో వెంట్ గాన్, ఈట్ ఏట్ ఈటెన్ అని చిన్న క్లాసుల నుంచీ బట్టీ పట్టినవాళ్ళే ఇంటర్వ్యూలో కూర్చోగానే "ఐ డిడ్ నాట్ వెంట్" అనేస్తారు. పిల్లల్ని తిట్టి లాభం లేదు, వీ1 వీ2 వీ3 టేబుల్ నేర్పారు గానీ అందులోది ఎప్పుడు వాడాలో ఎప్పుడు పక్కన పెట్టాలో చెప్పలేదు.

నిజానికి ఈ కిటుకు తెలుగులోనే ఉంది. వెళ్ళాను అంటాం, కాదనాలంటే వెళ్ళలేదు అంటాం, "వెళ్ళానులేదు" అని ఎవరైనా అంటారా? లేదు రాగానే జరిగిపోయిందని చెప్పే ముక్క ఊడిపోతుంది. ఇంగ్లీషులోనూ అంతే, డిడ్ వచ్చాక పాస్ట్ సంగతి అదే చూసుకుంటుంది, వెనక గో అలాగే ఉండాలి. ప్రశ్న దగ్గర మాత్రం ఈ తెలుగు కిటుకు పనిచేయదు, మనం వెళ్ళావా అంటాం కాబట్టి "డిడ్ యూ గో" బదులు "డిడ్ యూ వెంట్" అని నోరు జారుతుంది, అక్కడ ప్రాక్టీసే దిక్కు.

ఇంకో జబ్బు హ్యాడ్. "ఐ హ్యాడ్ గాన్ టు తిరుపతి లాస్ట్ వీక్" అంటే స్టైల్‌గా ఉంటుందని మనోళ్ళ నమ్మకం, ఉత్త వెంట్ చాలు. నేను స్టాండుకి వెళ్ళేసరికి బస్సు వెళ్ళిపోయింది అన్నామనుకోండి, రెండు పనుల్లో బస్సు వెళ్ళడం ముందు జరిగింది, ఆ ముందు జరిగినదానికే హ్యాడ్: "వెన్ ఐ రీచ్డ్ ది స్టాండ్, ది బస్ హ్యాడ్ లెఫ్ట్". రెండో పని మాటల్లోనో మనసులోనో లేకపోతే దాని జోలికి పోనక్కర్లేదు.

అసలు వెంట్, ఏట్ లాంటి అడ్డదిడ్డం రూపాలు ఎందుకు మిగిలాయంటే జనం రోజూ వాడతారు కాబట్టి. 2007లో నేచర్ పత్రికలో వచ్చిన స్టడీలో పాత ఇంగ్లీషు నాటి 177 అడ్డదిడ్డం క్రియలు తీసుకుని చూస్తే ఇప్పుడు 98 మాత్రమే అలా ఉన్నాయి, తక్కువ వాడేవే ముందు వాక్డ్, కాల్డ్ లాగా చివర ఈడీ (-ed) తగిలించే రూపంలోకి మారిపోయాయి. హెల్ప్‌కి కూడా ఒకప్పుడు హోల్ప్ ఉండేది! అందుకే పెద్ద టేబుల్ మొత్తం ఒకేసారి రుద్దడం దండగ అంటాను, రోజూ నోట్లో నలిగేవి ముందు పట్టుకుంటే మిగతావి చదువుతూ ఉంటే వస్తాయి.

ఈడీని పలకడం అయితే క్లాసులో ఎవరూ పట్టించుకోరు. వాక్డ్‌ని "వాక్ట్" అనాలి, కాల్డ్ "కాల్డ్" లాగే, చివర ట, డ శబ్దం ఉన్న వాంట్, నీడ్ లాంటివాటికే "ఇడ్" వస్తుంది. "వాకెడ్" అనేవాళ్ళు ఇప్పటికీ బోలెడు.

అమెరికా వెళ్ళినవాళ్ళకి ఇంకో తికమక. మన గ్రామర్ పుస్తకాలు చాలావరకు బ్రిటిష్ దారి, "హ్యావ్ యూ ఈటెన్ యెట్?" అని నేర్పుతాయి, డల్లాస్‌లో పక్క సీటువాడు "డిడ్ యూ ఈట్ యెట్?" అంటాడు. వాడికి గ్రామర్ రాదనుకోకండి, అక్కడ మాటల్లో అది మామూలే.