ఫెరారీ 5893 గారి విశ్రాంత జీవితం

కార్లలో సత్యసంధత గురించి మాట్లాడాలంటే ముందు అరవైల నాటి రేసు కారు ఫెరారీ 250 ఎల్‌ఎం పేరే చెప్పుకోవాలి. ఆ కంపెనీ లెక్కలో 250 అంటే ఒక్కో సిలిండరు సీసీలు. ఇంజనేమో 3,285 సీసీ, సిలిండర్లు 12. భాగించి చూసుకోండి, 273 దాటుతుంది. ఇది కొత్త బండి కాదు, పాత 250 జీటీకి సొంత తమ్ముడేనని కారు రేసుల నియమాలు రాసే అంతర్జాతీయ సంస్థ ఎఫ్‌ఐఏని నమ్మించడానికి ఆ పేరు. తేడా అల్లా ఇంజను ముందునుంచి డ్రైవరు వీపు వెనక్కి వెళ్లడమే! రేసుల్లో జీటీ (రోడ్డు మీద తిరిగే స్పోర్ట్స్ కార్ల) తరగతికి 100 కార్లు ఉండాలి, కట్టినవి 32. ఎఫ్‌ఐఏ వారికి ఎక్కాలు వచ్చు కాబట్టి ఒప్పుకోలేదు.

వాటిలో ఛాసీ (చట్రం) నంబరు 5893 ఉన్న బండిని, అమెరికాలో ఫెరారీలు అమ్మే లుయిజీ కినెట్టి జట్టు 1965లో ఫ్రాన్సులోని 24 గంటల రేసు లె మాన్‌లో దింపింది. డ్రైవర్లు మాస్టెన్ గ్రెగరీ, యోఖెన్ రింట్. మొదట్లోనే ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటరు మొరాయించి బోలెడు సమయం పోయింది. ఎలాగూ గెలవం, చెడిపోయేదాకా తోలేద్దాం అనుకున్నారంటారు. చెడింది మాత్రం ఎదుటివాళ్ల బళ్లు. ఫోర్డు జీటీ40లు తెల్లారేలోపే మూటాముల్లే సర్దుకున్నాయి. కంపెనీ సొంత జట్టు ఫెరారీల బ్రేకు డిస్కులు పగుళ్లిచ్చాయి. ముందున్న ఇంకో ఎల్‌ఎంకి ఆదివారం టైరు పేలింది. అలా దక్కిన గెలుపు ఫెరారీకి మళ్లీ 2023లో గానీ దొరకలేదు.

గెలిచిన గుర్రానికి ఉలవలు పెడతారు. దీన్ని మరో అయిదేళ్లు బాదారు. 1969 లె మాన్‌లో 8వ స్థానం. తర్వాత అమెరికాలోని ఇండియానాపోలిస్ రేసుల మ్యూజియంలో అయిదు దశాబ్దాల పైచిలుకు విశ్రాంతి. 2025 ఫిబ్రవరిలో పారిస్ వేలంలో దాదాపు 3.49 కోట్ల యూరోలు పలికింది. ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే. ఇదేమో నిలబడ్డాకే వెయ్యి దాటింది.

ఇలాంటి బండి కొన్న శ్రీమంతులు దయచేసి వెంటనే తాళం తిప్పకండి. ఏళ్లతరబడి నిలిచిన ఇంజనులో ఆయిలు కిందికి జారి, వాల్వులను తెరిచే క్యాముషాఫ్టులు పొడిబారి ఉంటాయి. 12 ప్లగ్గులూ విప్పి, ఒక్కో సిలిండరులో చెంచాడు ఆయిలు పోసి, ఓ రాత్రి నాననిచ్చి, చేత్తో తిప్పండి. బిగిస్తే బలవంతం వద్దు, వాల్వు పట్టేసి ఉండొచ్చు. తిరిగితే ప్లగ్గులు లేకుండానే, ఆయిలు ప్రెషరు ముల్లు లేచేదాకా స్టార్టరు కొట్టండి. ఆరు వెబర్ కార్బురేటర్లలో పాత పెట్రోలు బంకయి ఉంటుంది. ఒక్క జెట్టు (పెట్రోలు వెళ్లే సన్న రంధ్రం) మూసుకుంటే ఆ సిలిండరుకు పెట్రోలు చాలక పిస్టను కాలుతుంది. టైర్ల మీది గాడులు నిండుగా ఉన్నాయని మురవకండి, రబ్బరు రాయైపోయి ఉంటుంది.

ఇన్నీ చేశాక బండి ఘీంకరిస్తుంది. వినేసి ఆపేయండి. ఏనాటి రేసులోనో రాయి తగిలి పడిన సొట్టను వేలం పుస్తకం ‘చరిత్ర’ అని రాస్తుంది. రేపు మీ చేతిలో తగిలితే బీమా సర్వేయరు ‘డ్యామేజీ’ అని రాస్తాడు.