బాలీ ట్రిప్ వాట్సాప్ మెసేజ్: ఏది నిజం, ఏది కాదు

ఫ్యామిలీ గ్రూపుల్లో తెగ తిరుగుతున్న మెసేజ్ ఇది: "బాలీకి వీసా అక్కర్లేదు. మన రూపాయికి అక్కడ 190 వస్తాయి, రాజాలా తిరగొచ్చు. వానాకాలం కాబట్టి జూన్ నుంచి సెప్టెంబర్ దాకా వెళ్లొద్దు. జనమంతా హిందువులే, వెజ్ భోజనానికి ఢోకా లేదు. మన లైసెన్స్ చూపిస్తే చాలు, స్కూటర్ ఇచ్చేస్తారు."

వీసా మాట ఒకప్పుడు నిజమే. బాలీ ఇండోనేసియాలోని ఒక దీవి. 2016లో ఆ దేశం 169 దేశాలవాళ్లను వీసా లేకుండా రానిచ్చింది, అందులో మనమూ ఉన్నాం. కోవిడ్‌తో అది ఆగింది, 2023లో మనకి పూర్తిగా ఎత్తేశారు. ఇప్పుడు వీసా ఆన్ అరైవల్‌కి (అక్కడ దిగాక ఇచ్చే వీసా) 5 లక్షల రుపయ్యా (ఇండోనేసియా డబ్బు) కట్టాలి, 30 రోజులు ఉండొచ్చు. ముందే ఆన్‌లైన్‌లో కట్టేస్తే బాలీలోని డెన్‌పసార్ ఎయిర్‌పోర్టులో ఆ లైను తప్పుతుంది. ఇది కాక 2024 ఫిబ్రవరి నుంచి విదేశీ టూరిస్టుల మీద తలకి 1.5 లక్షల రుపయ్యా పన్ను ఉంది. పిల్లలకూ మినహాయింపు లేదు. నలుగురికి రెండూ కలిపి 26 లక్షలు. మెసేజ్‌లోని రేటుతోనే లెక్కేసినా మన డబ్బుల్లో పదమూడు వేలు దాటుతుంది.

ఇక రాజాలా తిరగడం సంగతి. రేటు ఆ దరిదాపుల్లోనే ఉంటుంది, కానీ ధరలూ దానికి తగ్గట్టే ఉంటాయి. 'వారుంగ్' అనే చిన్న హోటళ్లలో తింటే చవకే. పెద్ద రెస్టారెంట్ల మెనూలో ధర పక్కన రెండు ప్లస్ గుర్తులుంటే మాత్రం పన్ను, సర్వీస్ చార్జీ విడిగా పడతాయి. బిల్లు 15 నుంచి 21 శాతం పెరుగుతుంది.

వానల విషయంలో మెసేజ్ పూర్తిగా తిరగబడింది. బాలీ భూమధ్యరేఖకి దక్షిణాన ఉంది. అక్కడ వానలు నవంబర్ నుంచి మార్చి దాకా. మన వేసవి సెలవులకి వెళ్తే ఎండాకాలమే. సంక్రాంతి సెలవులకి వెళ్లేవాళ్లే గొడుగు పట్టుకెళ్లాలి.

హిందువులన్న మాట నిజమే, జనాభాలో ఎక్కువమంది వాళ్లే. కానీ హిందువులైతే శాకాహారులని ఎవరు చెప్పారు? మనలో మాత్రం ఎంతమంది తినడం లేదు! పంది మాంసంతో చేసే 'బాబీ గులింగ్' వాళ్ల పండుగల్లో ప్రధాన వంటకం. అసలు చిక్కు కనబడని మాంసంతోనే. మన గోంగూర పచ్చడిలా అన్నం పక్కన వేసే ఎర్రటి సంబల్‌లో చాలాచోట్ల 'తెరాసి' ఉంటుంది, అంటే పులియబెట్టిన రొయ్యల ముద్ద. ఉడికించిన కూరగాయల మీద పల్లీల సాస్ పోసిన గాడో గాడో చూడ్డానికి అచ్చం వెజ్. ఆ సాస్‌లోనూ తెరాసి పడొచ్చు, పైన నంజుకోడానికి పెట్టే అప్పడం రొయ్యలది కావచ్చు. 'వెజిటేరియన్' అంటే సరిపోదు, మాంసం ముక్క వెయ్యకపోతే చాలనుకుంటారు. 'తన్పా తెరాసి, తన్పా ఇకాన్', అంటే రొయ్యల ముద్ద లేకుండా, చేప లేకుండా అని విడివిడిగా చెప్పండి. టెంపే (పులియబెట్టిన సోయా గింజల ముద్ద), తాహు (మన టోఫూయే, అంటే సోయా పనీర్) అడిగితే కడుపు నిండుతుంది. బాలీలోని ఉబుద్ అనే ఊళ్లో పూర్తి శాకాహార హోటళ్లు బోలెడు.

మెసేజ్‌లో లేనిది ఇంకోటి. వాళ్లదీ శక సంవత్సరమే, కొత్త ఏడాది రోజు పేరు 'న్యేపి'. 2023లో మన ఉగాది, వాళ్ల న్యేపి రెండూ మార్చి 22నే వచ్చాయి. ఆ రోజు ఎయిర్‌పోర్టు 24 గంటలు మూసేస్తారు, టూరిస్టులు కూడా హోటల్ గేటు దాటకూడదు. మార్చిలో టికెట్ కొనేముందు ఆ ఏటి తేదీ చూసుకోండి.

చివరిది స్కూటర్. అద్దెకిచ్చేవాడు లైసెన్స్ అడగకుండానే తాళం చేతిలో పెడతాడు, అంతవరకు మెసేజ్ కరెక్టే. టెన్షన్ పోలీసు ఆపినప్పుడో, యాక్సిడెంట్ అయినప్పుడో మొదలవుతుంది. ఇక్కడి ఆర్టీఓ ఇచ్చే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఉండాలి, అందులో టూవీలర్‌కి కూడా అనుమతి ఉండాలి. కారు లైసెన్స్ మీద తెచ్చుకున్న పర్మిట్ బండికి పనికిరాదు. అది లేకుండా పడితే ట్రావెల్ ఇన్సూరెన్స్ క్లెయిమ్ తిరస్కరించే అవకాశమే ఎక్కువ, హాస్పిటల్ బిల్లు మీ నెత్తినే పడుతుంది. పిల్లలూ పెద్దవాళ్లూ ఉంటే స్కూటర్ ఊసే వద్దు, రోజుకింతని డ్రైవర్‌తో సహా కారు మాట్లాడుకోండి. పెట్రోలు, పార్కింగ్ అందులోనే కలిపి ఉన్నాయా అన్నది బేరం ఆడేటప్పుడే అడగండి.