సవరణ: స్టెరాయిడ్ల మాట పసికందులకు వర్తించదు

పిల్లల్లో ఒళ్లు ఉబ్బి, మూత్రంలో ప్రొటీన్ పోయే కిడ్నీ జబ్బు నెఫ్రోటిక్ సిండ్రోమ్ చాలావరకు స్టెరాయిడ్లకు లొంగుతుందని క్రితం పోస్టులో ఉంది. ఆ వాక్యం ఏడాది దాటిన పిల్లల గురించి. మూడు నెలల్లోపే బయటపడితే లెక్క వేరు.

పెద్ద పిల్లల్లో ఎక్కువగా ఉండేది మినిమల్ చేంజ్ అనే రకం. మామూలు మైక్రోస్కోపులో గ్లొమెరులస్ (కిడ్నీలో రక్తాన్ని వడపోసే సన్నని రక్తనాళాల ఉండ) బాగానే కనిపిస్తుంది. పసికందుల్లో మాత్రం చాలాసార్లు వడపోత పొరలోనే పుట్టుకతో లోపం ఉంటుంది. ఫిన్లాండ్‌లో ఎక్కువగా కనిపించే రకానికి కారణమైన ఎన్‌పీహెచ్‌ఎస్1 జన్యువును 1998లో గుర్తించారు. అది తయారుచేసే నెఫ్రిన్, పోడోసైట్ల (వడపోత పొరను కప్పి ఉండే కణాలు) పాదాల మధ్య జల్లెడలా నిలుస్తుంది. అది లేకపోతే కడుపులో ఉండగానే ప్రొటీన్ కారిపోతుంది. మాయ బరువు సాధారణంగా బిడ్డ బరువులో 25 శాతం దాటుతుంది. బయాప్సీలో ప్రాక్సిమల్ ట్యూబ్యూల్స్ (గ్లొమెరులస్ తర్వాత వచ్చే సన్నని గొట్టాలు) ఉబ్బి చిన్న చిన్న తిత్తుల్లా కనిపించవచ్చు. ఇక్కడ స్టెరాయిడ్లు పనిచేయవు, పైగా ఇన్‌ఫెక్షన్ భయం. ఆల్బుమిన్ (రక్తంలోని ప్రొటీన్) ఎక్కిస్తూ, పోషణ చూస్తూ, చివరికి కిడ్నీ మార్పిడి దాకా బిడ్డను నెట్టుకురావాలి.

డెనిస్-డ్రాష్ సిండ్రోమ్ మరొకటి. డబ్ల్యూటీ1 జన్యులోపం వల్ల మెసాంజియం (గ్లొమెరులస్‌లో రక్తనాళాలను పట్టి ఉంచే కణజాలం) గట్టిపడుతుంది, విల్మ్స్ ట్యూమర్ (పిల్లల్లో వచ్చే కిడ్నీ క్యాన్సర్) ముప్పు కూడా ఉంటుంది. అందుకే స్కానింగులు మానకూడదు.

"మేనరికం వల్లేనా?" అని కొందరు అడిగారు. ఎన్‌పీహెచ్‌ఎస్1 రకంలో తల్లిదండ్రులిద్దరూ వాహకులైతే (తమకు జబ్బు లేకున్నా లోపమున్న జన్యువును మోసేవారైతే) ప్రతి కాన్పులో 25 శాతం అవకాశం. దగ్గరి సంబంధాల్లో ఇద్దరూ వాహకులయ్యే వీలు ఎక్కువ, అంతే. బయటి సంబంధమైనా రావచ్చు.

అన్నీ జన్యులోపాలే కావు. తల్లి నుంచి సోకిన సిఫిలిస్ కూడా కారణం కావచ్చు, అది పెన్సిలిన్‌తో తగ్గుతుంది. కాబట్టి ముందు సిఫిలిస్ రక్తపరీక్ష చేయించండి.