ఐపీ చూసి బొట్టు

మొహం చూసి బొట్టు పెట్టడం మనకు పాత విద్యే. చైనీస్ పాఠకుల కోసం వెబ్‌సైట్లు కట్టేవాళ్లు దాన్ని ఇంకో మెట్టు ఎక్కించారు. వాళ్లు మొహం కూడా చూడరు, ఐపీ అడ్రస్ (మనం ఏ చోటి నుంచి నెట్‌లోకి వచ్చామో పట్టించే నంబర్) చూసి, ఏ లిపి చూపాలో తేల్చి బొట్టు పెట్టేస్తారు. ఇంత గొప్ప పద్ధతిని గిట్టనివాళ్లు ఆడిపోసుకుంటున్నారు కాబట్టి, సమర్థించే భారం నా నెత్తిన పడింది.

తెలియనివారికి రెండు ముక్కలు చెప్పాలి. చైనీస్‌కు రెండు రాతలున్నాయి. 1956లో చైనా ప్రభుత్వం గీతలు తగ్గించి తెచ్చిన సరళ లిపి చైనాలోనూ, తర్వాత సింగపూర్‌లోనూ స్థిరపడింది. పాత సంప్రదాయ లిపి తైవాన్, హాంకాంగ్, మకావుల్లో నిలిచింది. సంప్రదాయ లిపిలో 'ప్రేమ' అని రాస్తే ఆ అక్షరం కడుపులో 'గుండె' ఉంటుంది. సరళ లిపిలో ఆ గుండెను కోసేశారు. గుండె లేని ప్రేమేమిటని పాత లిపి అభిమానులు ఇప్పటికీ దెప్పుతుంటారు. 1977లో ఇంకాస్త కోత పెడదామని రెండో విడత తెచ్చి, జనం గందరగోళపడితే 1986లో వెనక్కి తీసుకున్నారు. కత్తెర చేతిలో ఉంటే చెయ్యి ఊరుకోదు కదా.

ఇక సైట్ల సంగతి. బ్రౌజర్ ప్రతిసారీ 'మావాడికి తైవాన్ చైనీస్ కావాలి' అని చీటీ రాసి మరీ పంపుతుంది. ఆ చీటీ చదివితే పనైపోతుంది. కానీ ఏం కావాలో అతిథినే అడిగి వడ్డించడం మర్యాదస్తుల లక్షణమా? అందుకే చీటీని పక్కన పడేసి, ఐపీ ఏ ఊరిదో ఆరా తీస్తారు. తైవాన్‌లోని తైపే ఉద్యోగి ఆఫీసు పని మీద సింగపూర్ వెళితే, విమానం దిగేలోపు అతనికి సరళ లిపి వంటబట్టి ఉండాలి. హాంకాంగ్ ఆవిడ హైదరాబాద్ హోటల్లో దిగి అదే సైట్ తెరిస్తే హిందీ ప్రత్యక్షం. చెన్నైలో ఉంటూ ఫోన్‌లో తమిళ ప్రకటనలు చూసే మనవాళ్లకు ఆవిడ బాధ విడమరిచి చెప్పక్కర్లేదు.

కొన్ని ఉదార సైట్లు రెండో లిపి కూడా ఇస్తాయి. మనిషిని పెట్టి రాయిస్తే ఖర్చు దండగ కనుక, అక్షరానికి అక్షరం మార్చే ప్రోగ్రామ్ ఒకటి తగిలిస్తాయి. అసలు వినోదం ఇక్కడే మొదలు. సరళ లిపి తెచ్చినప్పుడు 'జుట్టు'నూ 'పంపడా'న్నీ కలిపి ఒకే అక్షరం చేశారు. 'నూడుల్స్' అక్షరాన్ని ఇంటికి పంపి ఆ పని 'మొహా'నికి అప్పజెప్పారు. 'వెనక' ఉద్యోగం 'మహారాణి'కి అదనపు బాధ్యతగా ఇచ్చారు. కలపడం సులువే. తిరిగి విడదీయమంటేనే ప్రోగ్రామ్‌కు చెమటలు పడతాయి. కటింగ్ షాపు పేజీలో జుట్టు పోయి 'పంపడం' వచ్చి కూర్చుంటుంది. చక్రవర్తిగారి పట్టపురాణి కాస్తా 'చక్రవర్తి వెనక' అయిపోతుంది. చాలా రాజ్యాల్లో అది నిజమే అనుకోండి! ముఖాముఖి మాట్లాడుకుందామన్న వ్యాపారి పాపం, నూడుల్సుకు నూడుల్సుగా మాట్లాడుకుందామని పిలిచినట్టవుతుంది.

అక్షరాలు కుదిరినా మాటలు కుదరాలిగా. చైనాలో బంగాళాదుంపకు వాడే మాటే తైవాన్‌లో చాలామందికి వేరుశనగ. వంటల సైట్‌లో ఈ తేడా ఎంత కమ్మగా ఉంటుందో వండి చూడాల్సిందే. సాఫ్ట్‌వేర్ అనే మాట కూడా రెండు చోట్లా వేరు. పాపం, ఆ సంగతి సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఎవరు చెబుతారు?

మాటలు కుదిరినా అక్షరం ఆకారం కుదరాలిగా. 'ఎముక' అనే అక్షరానికి యూనికోడ్‌లో (కంప్యూటర్లు ప్రతి అక్షరానికీ నంబరిచ్చే పట్టికలో) నంబర్ ఒకటే, రూపాలు రెండు. పైగడిలోని చిన్న మూల చైనాలో ఎడమకు, తైవాన్‌లో కుడికి ఉంటుంది. పేజీలో 'ఇది ఫలానా చోటి చైనీస్' అని ఒక్క ముక్క రాయకపోతే, ఫోన్ చేతికందిన ఫాంట్‌తో గీసేస్తుంది. ఎముక ఎటు తిరిగితే ఏమిటి, అతికితే చాలదూ?

సింగపూర్‌లో చిక్కుకున్న మన తైపే ఉద్యోగికి మాత్రం దారి దొరుకుతుంది. వీపీఎన్ పెట్టి, తాను ఇంట్లోనే ఉన్నట్టు సర్వర్‌ను నమ్మిస్తాడు. అక్షరాలు చక్కగా వస్తాయి, ప్రేమలో గుండెతో సహా. ఆ సంతోషంలో ఒక జత చెప్పులు ఆర్డర్ చేస్తాడు. అవి మూడో రోజుకల్లా తైపేలో తాళం వేసిన ఇంటికి భద్రంగా చేరతాయి.