ఎడమకే తిరిగే ఆట ఎందుకు గొప్పది?

నాస్కార్ (అమెరికాలో పేరున్న కార్ల పందేలు) చూస్తానంటే ఇక్కడ అమెరికాలోని షార్లెట్‌లో మన తెలుగువాళ్ళు జాలిపడతారు. "కార్లు గుండ్రంగా ఎడమకే తిరుగుతుంటాయి, అందులో ఏముందండీ?" అని అడిగేది ఎవరయ్యా అంటే, అమెరికన్ ఫుట్‌బాల్‌ను మూడు గంటలు కన్నార్పకుండా చూసేవాళ్ళు. అందులో బంతి నిజంగా కదిలేది పట్టుమని ఇరవై నిమిషాలు కూడా ఉండదు, మిగతాదంతా ప్రకటనలు, గుసగుసలు.

ఈ స్టాక్ కార్ రేసింగ్‌లో, అంటే చూడ్డానికి మామూలు కార్లలా ఉండే కార్ల పందేల్లో, అబద్ధం తక్కువ. నా వాదన అదొక్కటే.

జట్టు ఆటలో ముందు "మన ఊరు, మన జట్టు" అంటారు. 1984 మార్చిలో ఆ మన జట్టే, అంటే బాల్టిమోర్ కోల్ట్స్ అనే ఫుట్‌బాల్ జట్టు, అద్దె బాకీపడ్డ కాపురంలా రాత్రికి రాత్రి లారీలకు సామానెక్కించుకుని ఇండియానాపొలిస్ చెక్కేసింది. బాస్కెట్‌బాల్ జట్టు షార్లెట్ హార్నెట్స్ 2002లో న్యూ ఆర్లీన్స్ వెళ్ళిపోయింది. హైదరాబాద్ వాళ్ళకి ఇది కొత్తేం కాదు, 2009లో కప్పు తెచ్చిన డెక్కన్ చార్జర్స్ 2012 తర్వాత లేనే లేదు. అయినా మనవాళ్ళు ఆరెంజ్ జెర్సీ తొడుక్కుని అంతే భక్తితో స్టేడియానికెళ్తున్నారు.

రేసులో ఈ నాటకం ఉండదు. ఎవరి డబ్బుతో కారు నడుస్తోందో బానెట్ మీదే బారెడు అక్షరాలతో రాసుంటుంది. బట్టల సబ్బు పొడి పేరుతో కార్లు తిరిగాయి. మార్క్ మార్టిన్ వయాగ్రా కారు నడిపి 2002లో ఇక్కడి కోకాకోలా 600 రేసు గెలిచాడు, ఊరి పరువు కోసం గెలిచానని ఎవరికీ చెప్పాల్సిన పని పడలేదు. ఉన్న ఒకే ఒక్క మోసం హెడ్‌లైట్లు. అవి స్టిక్కర్లు. అదీ అందరికీ తెలుసు.

దొంగతనం విషయంలోనూ ఇంతే నిజాయితీ. పెట్రోల్ ట్యాంకు ఎంతుండాలో రూల్ పెడితే, పైపు గురించి రూల్లో ఏమీ లేదు కదా అని స్మోకీ యూనిక్ అనే మెకానిక్ పదకొండడుగుల పొడవున లావుపాటి పైపు పెట్టాడు, అందులో పట్టే పెట్రోలు అదనం! రేసర్ జూనియర్ జాన్సన్ అయితే 1956లో నాటుసారా బట్టీ దగ్గర దొరికి జైలుకెళ్ళాడు, 1986లో అధ్యక్షుడు రీగన్ క్షమాభిక్ష పెట్టాడు. 2010లో షార్లెట్‌లో నాస్కార్ గొప్పవాళ్ళ మ్యూజియం, హాల్ ఆఫ్ ఫేమ్, తలుపులు తెరిచినప్పుడు అందులో చోటిచ్చిన మొదటి ఐదుగురిలో జాన్సన్ ఒకడు. ఆయన స్వయంగా కట్టిచ్చిన సారా బట్టీని కూడా అక్కడే ప్రదర్శనకు పెట్టారు. చరిత్రను ఇంత ధైర్యంగా షోకేసులో పెట్టిన క్రికెట్ బోర్డు ఏదైనా ఉంటే చెప్పండి.

ఇక పారదర్శకత. ఫుట్‌బాల్ కోచ్ నోటికి అట్ట అడ్డం పెట్టుకుని మాట్లాడతాడు. ఇక్కడ స్కానర్ (జట్ల రేడియో మాటలు వినిపించే పరికరం) అద్దెకు తీసుకుని చెవిలో పెట్టుకుంటే, డ్రైవరు తన సొంత మనుషుల్ని ఏమని తిడుతున్నాడో లైవ్‌లో వినొచ్చు. 1979 డేటోనా 500 రేసు చివరి ల్యాప్‌లో డ్రైవర్లు కేల్ యార్‌బరో, డానీ అలిసన్ గుద్దుకుని, అక్కడ కారు ఆపిన డానీ అన్న బాబీ అలిసన్‌తో సహా గడ్డిలో కొట్టుకున్నారు, టీవీలో దేశమంతా చూసింది. ఈలోగా రిచర్డ్ పెటీ వెనకనుంచి వచ్చి గెలిచిపోయాడు. మనస్పర్థలు అంటే అవి, ప్రెస్ మీట్‌లో "డ్రెస్సింగ్ రూమ్ వాతావరణం బావుంది" అనడం కాదు.

ఇంకా నమ్మకం కుదరకపోతే జో గిబ్స్‌ను చూడండి. కోచ్‌గా మూడు సూపర్ బౌల్స్ (అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్స్) గెలిచిన మనిషి, ఆఖరికి వచ్చి రేసింగ్ టీమ్ పెట్టుకున్నాడు. 2004లో మళ్ళీ నాలుగేళ్ళు ఫుట్‌బాల్‌కి ఎందుకెళ్ళాడని మాత్రం నన్నడక్కండి.