ముందు చెక్క ఆరాలి

ఇంట్లో చెక్కపని నేర్చుకోవాలంటే వేల రూపాయల కిట్ కొనాలని మీ వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోను. మాది బొబ్బిలి. పక్కనే గొల్లపల్లిలో ఒకే పనస దుంగను తొలిచి వీణ చేస్తారు. అది చూసే నేనూ ఒక పనస ముక్క తెచ్చుకుని జానెడు బొమ్మ వీణ మొదలుపెట్టాను. ఉలి, సుత్తి, గరుకు కాగితం, అంతే. నెల తిరక్కుండానే కుండ (వీణ చివర గుండ్రంగా, బోలుగా ఉండే భాగం) దగ్గర చీలిపోయింది. చాలా బాధేసింది. చెక్క పచ్చిదని అప్పటికి తెలీదు. రెండో ముక్కను నీడలో, గాలి తగిలేచోట ఆరు నెలలు ఆరబెట్టాను. ఎండలో పెడితే పైపైన ఎండి బీటలిస్తుంది. ఈసారి నిలిచింది! అసలు వీణకున్నట్టే 24 మెట్లూ (తీగను నొక్కి స్వరం పలికించే అడ్డపట్టీలు) పెట్టాలని ఇప్పుడు ఒక్కొక్కటీ మైనం మీద సర్దుతున్నాను. ఆరబెట్టడం గురించి కూడా వ్యాసంలో చేర్చండి, మొదటిసారి చేసే పిల్లలు నిరుత్సాహపడకుండా ఉంటారు.