స్టోర్ కీపర్ గారి సొరుగులో రిజిస్టర్
మార్పు ఎందుకో ఉద్యోగులకు వివరంగా చెబితే చాలు, వాళ్లు ఒప్పుకుంటారని ఒక వ్యాసంలో చదివాను. ఆ మాటతో సగమే ఏకీభవిస్తాను. బాలానగర్‌లో మా కంపెనీ స్టోర్స్‌లో సాఫ్ట్‌వేర్ పెట్టినప్పుడు మీటింగులు బాగానే పెట్టారు. అయినా మా స్టోర్ కీపర్ గారు నెలరోజులు పాత రిజిస్టర్‌ను సొరుగులో దాచుకుని రెండింట్లోనూ రాశారు. స్టాక్‌లో తేడా వస్తే జీతంలో కోస్తారేమోనని ఆయన టెన్షన్. పాపం, ఆ సంగతి ఎవరూ అడగలేదు.

1948లో కోచ్, ఫ్రెంచ్ అనే పరిశోధకులు ప్రచురించిన అధ్యయనం గుర్తొస్తోంది. అమెరికాలో ఒక పైజామాల ఫ్యాక్టరీలో పని పద్ధతి మార్చారు. వివరించి వదిలేసిన బృందంలో 40 రోజుల్లోనే 17 శాతం మంది మానేశారు. మార్పును రూపొందించడంలో పాలుపంచుకున్న బృందాల్లో ఆ 40 రోజుల్లో ఒక్కరూ మానలేదు.

మా దగ్గరా చివరికి స్టోర్ కీపర్ గారిని కూర్చోబెట్టి సాఫ్ట్‌వేర్ స్క్రీన్ ఎలా ఉండాలో అడిగారు. ఆ తర్వాతే రిజిస్టర్ బీరువాలోకి వెళ్లింది.